వొంపేసిన షాలిమార్

కంఠేశ్వర్, నిజామాబాద్
14 అక్టోబరు 2024

పెద్దమ్మకు బిందు నమస్కారాలు.

నేను నాగేందర్‌ని పెళ్లి చేసుకున్నందుకు నువ్వు నాతో ఫోన్లో మాట్లాడనని పెదనాన్న ముందు ఒట్టు పెట్టుకుని రెండేళ్లు దాటింది. ఆ ఒట్టులో ఉత్తరాల ప్రస్తావన లేదని నువ్వే కబురు చేశావు కాబట్టి రాస్తున్నాను. నేను పనిచేసే క్లినిక్కులో రక్తపరీక్షల గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాస్తే "బోధన్ కోర్టుకు మళ్లీ అప్పీలు పోతున్నవా" అని మీ ఊరి పేరు పెట్టి నాగేందర్ నవ్వుతాడు.

నీతో తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. సద్దుల బతుకమ్మ నాడు మా అత్తమ్మ నన్ను లోపలికి పిలిచి, చీరల మడతల్లోంచి ఒక సీసా తీసి చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడిపోయే గాజు సీసా. మూత నీలంగా, విసనకర్ర ఆకారంలో ఉంది. సగానికి పైగా అయిపోయింది, మిగిలింది ముదురు తేనె రంగులో ఉంది. పేరు షాలిమార్.

"గిది మీ మామ దుబాయ్‌కెళ్లి తెచ్చిండు బిడ్డా. ఆడ అత్తరు దుకాణంల ఊడ్సేటోడు. వాపసు వొచ్చే దినం సేటు చేతుల పెట్టిండట. పెండ్లిళ్లకు పోయేటప్పుడు ఒక్క సుక్క పెట్టుకునేదాన్ని, పొగాకు వాసన రాకుంట. ఇగ నువ్వు పెట్టుకో" అంది. నీకు తెలుసు కదా, ముప్పై అయిదేళ్లు బీడీలు చుట్టిన మనిషి. మామయ్య లక్ష్మీరాజం గారు పోయి ఆరేళ్లయింది.

ఆయన ఆ దుకాణంలో విన్న కథ కూడా చెప్పింది. లాహోరులో షాజహాను కట్టించిన తోట పేరట షాలిమార్. ప్యారిస్‌లో తరాలుగా అత్తర్లు చేసే ఇంటివాడొకడు, కొత్తగా వచ్చిన వెనీలా రసాయనాన్ని తమ పాత అత్తరులో ఊరికే ఒంపి చూశాడట. అది కుదిరింది, తోట పేరు పెట్టాడు. నేను ఫోన్లో వెతికితే ఆవిడ చెప్పినదానికి దగ్గరగానే ఉంది. వందేళ్ల కిందట, 1925లో బజారుకొచ్చింది. సీసా ఆ మొగలు తోటల్లోని ఫౌంటెన్ తొట్టి ఆకారమట. మర్యాదగల ఆడది సిగరెట్టు తాగదు, టాంగో ఆడదు, షాలిమార్ పూసుకోదు అని ఆ రోజుల్లో ఒక సామెత కూడా ఉండేదట.

నా అనుమానం ఒక్కటే. రెండేళ్లుగా నాతో అవసరానికి మించి మాట్లాడని మనిషి ఇంత వస్తువు ఎందుకిచ్చింది? మూత తీస్తే మొదట పుల్లటి నిమ్మ ఘాటు, వెంటనే కాలినట్టు ఒక వాసన. ఇది అసలుదేనా, పాత సీసాలో ఏదన్నా పోసిందా? నీ ముక్కు తప్పదు. మా ల్యాబులో వాడే గోధుమరంగు చిన్న సీసాలు రెండింటిలో కాస్త కాస్త తీశాను. ఒకటి నా సొరుగులో ఉంచుకుని ఒకటి పంపుతున్నాను. నువ్వేమంటే అదే.

నీ
బిందుమాధవి

*

క్యాంపు, బోధన్
21 అక్టోబరు 2024

చిరంజీవి బిందుకు పెద్దమ్మ చెంచులక్ష్మి ఆశీస్సులు.

బస్సు పార్సిలు చేరింది. సీసా చూసి మందనుకుని మీ పెదనాన్న చెవిలో వేసుకోబోయారు. వేసుకుని ఉంటే ఆ అత్తరు ఒక పనికైనా వచ్చేది.

ముందు ఆ "అత్తమ్మ" సంగతి చెప్పు. మనవైపు అత్తగారు అంటారు. మా మామగారు కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబళ్ల మీద వచ్చి నిజాంసాగర్ కాలువ కింద ఈ క్యాంపు వేసుకుని నేలను చెరకు తోటలు చేస్తే, డెబ్భై ఏళ్ల తర్వాత మా ఇంట్లో పెరిగిన పిల్ల బీడీల గంప పక్కన పీట వేసుకుని కూర్చుంది. నీ తల్లి పోయాక నిన్ను చంకన వేసుకుని పెంచినందుకు నాకు దక్కిన ఫలం అది. సరే, అయిపోయిన పెళ్లికి మేళమెందుకు.

ఇక షాలిమార్. ఆ పేరుతో నేను చూసినవి ఒక బిర్యానీ హోటలు, ఒక దర్జీ కొట్టు. ఇప్పుడు అత్తరు కూడానా? వందేళ్ల చరిత్రట. చరిత్ర ఎవరికి లేదు, మా ఇంటి వెనక పేడకుప్పకి కూడా ఉంది. మర్యాదగల ఆడది పూసుకోదని వాళ్ల దేశం వాళ్లే అనుకున్న సరుకుని మీ అత్తగారు చీరల్లో దాచుకుంది. గాడిదకేం తెలుసు గంధం వాసన అని ఊరికే అన్నారా? పొగాకు కంపు పోవాలంటే సబ్బుంది, నీళ్లున్నాయి. ప్యారిస్ దాకా పోనక్కర్లేదు.

నేను దాన్ని చేతికి రాసుకుంటానా? మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అంతే చాలు. పుల్లటి నిమ్మ ఘాటు, వెనకే కాలిన కంపు. చెరకు మడ్డిలో స్పిరిట్టు కలిపి, పైన నిమ్మసారం నాలుగు చుక్కలు వేస్తే వచ్చే వాసన అది. అసలుది వాళ్లెప్పుడో పెళ్లిళ్లకు పూసుకుని అవగొట్టారు. ఖాళీ సీసాలో గంజ్ బజారులో దొరికే చవక సరుకు పోసి కోడలికి కానుక చేశారు. నలభై ఏళ్లుగా ఈ క్యాంపులో ఏ బెల్లం పెనం ఎప్పుడు దించాలో చెప్పింది ఈ ముక్కు. వెన్నపూసలో వనస్పతి కలిపినవాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపింది. ఒక బీడీల ఆవిడ దాన్ని మోసం చేస్తుందా?

నా మాట విను. దాన్ని ఆవిడ కళ్ల ముందే వొంపేసి, సీసా చేతికివ్వు. గొడవ పడకు, ఒక్క మాట అనకు. ఇలా ఒక్కసారి చేస్తే జన్మలో మళ్లీ నిన్ను చవక వస్తువుతో కొలవదు.

మీ పెదనాన్న మోకాలు మామూలే. వడ్లు తడిసిపోకుండా ఆయన కంటే టార్పాలిన్లే ఎక్కువ పనిచేస్తున్నాయి.

ఆశీస్సులతో
చెంచులక్ష్మి

*

కంఠేశ్వర్
7 నవంబరు 2024

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను. దీపావళి మర్నాడు అత్తమ్మ చేతులు కడుక్కోవడానికి వాష్‌బేసిన్ దగ్గరికి వచ్చినప్పుడు, సీసా మూత తీసి మొత్తం వొంపేశాను. సీసా చేతికిచ్చాను. ఒక్క మాట అనలేదు.

ఆవిడ సీసాకి మూత పెట్టుకుంది. "నచ్చకుంటె నాకే వాపసియ్యకపోయినవ్ బిడ్డా" అంది. అంతే. అరిచి ఉంటే నాకు బాగుండేది.

అప్పటి నుంచి ఆవిడ తన కంచం తీసుకుని అరుగు మీద కూర్చుని తింటోంది. నాగేందర్ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడిందల్లా ఒకటే: "మా బాపు యాది అండ్ల ఉండె. ఎవరు చెప్తే వొంపినవ్?" నీ పేరు చెప్పలేదు. నాకే అనిపించింది అన్నాను. అయితే వేరే ఇల్లు చూసుకుందాం, నీకు మా ఇంట్ల ఏదీ అసలుది అనిపించదు కద అన్నాడు. ఆర్మూర్ రోడ్డు వైపు ఒక వాటా చూశాం కూడా. ఈ నెలాఖరుకి ఖాళీ అవుతుందట.

నా మనసులోని పీకులాట వేరు. వొంపిన రోజు నిమ్మ ఘాటు ఇల్లంతా కొట్టింది. సాయంత్రానికి అది పోయింది. మర్నాడు వాష్‌బేసిన్ దగ్గర పళ్లు తోముకుంటుంటే వేరే వాసన వచ్చింది. పాలు మరిగినట్టు తియ్యగా, దాని కింద సాంబ్రాణి పొగ లాగా, కొత్త తోలు లాగా. నాలుగు రోజులు ఉంది. నేను వారంలో రెండుసార్లు వాడే స్ప్రే గంటలో ఎగిరిపోతుంది. చవక సరుకు నాలుగు రోజులు ఎలా నిలుస్తుంది పెద్దమ్మా?

సొరుగులో ఉంచుకున్న రెండో సీసా పంపుతున్నాను. తొందరపడకుండా ఇంకోసారి చూడు. ఇల్లు మారాలా వద్దా అన్నది నేను దీన్ని బట్టే తేల్చుకుంటాను. ఇది నకిలీ అయితే నేను చేసింది న్యాయమే, తలెత్తుకుని బయటికి పోతాను. కాకపోతే నేనేం చేశానో నాకు తెలియాలి.

బిందు

*

క్యాంపు
11 నవంబరు 2024

చిరంజీవి బిందుకు,

రెండో సీసా చేరింది. చూశాను. ఒకసారి కాదు, పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి. ఇది మొదటిదానికి అక్క. అదే పులుపు, అదే మాడు. నువ్వు పాలు, సాంబ్రాణి అని రాసిన తీపి కూడా ఉంది. అది వెనీలా కాదు, ఐస్‌క్రీములో వేసే ఎసెన్సు. చిన్నప్పుడు తిరునాళ్లలో నీకు కొనిపెట్టిన పుల్ల ఐస్ వాసన గుర్తులేదా? తోలు వాసనంటావా, కల్తీ సరుకులో అన్నీ ఉంటాయి. నాలుగు రోజులు ఉందంటే మీ వాష్‌బేసిన్ కడగలేదని అర్థం.

వేరు కాపురం మాట నా మనసులో ఉన్నదే. నువ్వు నోరు తెరిచి అడగవని ఊరుకున్నాను. ఆవిడ అరుగు మీద కూర్చుని తినడం కూడా నాటకమే. ఊరందరికీ కనబడేలా తింటేనే కదా కోడలు చెడ్డదవుతుంది. అలాంటి మెత్తటి మనుషుల కంటే కేకలేసే వాళ్లు నయం. కొత్త వాటాలోకి కావలసిన బియ్యం, పప్పులు, ఊరగాయలు నేను పంపిస్తాను. గిన్నెలు మాత్రం ఆ ఇంటివి ఒక్కటి కూడా పట్టుకెళ్లకు.

ఇక్కడ మా పని కూడా బాగా లేదు. చెరకు ఎవరూ వేయడం లేదు, మేం పట్టుదలకి అరెకరం వేసి బెల్లం వండుతున్నాం. మొన్న పెనం మాడిపోయింది. నేను పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను, హన్మాండ్లు మంట వేస్తున్నాడు. నేను దించమనే లోపే నల్లగా అయిపోయింది. ఇరవై ఏళ్లుగా మా దగ్గర చేస్తున్నవాడు, ఇన్నేళ్లకి మంట వేయడం మరిచిపోయాడు. "అమ్మా, మాడు వాసన ఎప్పటి సంది వస్తున్నది, నువ్వు అంటవని సూస్తున్న" అని నాకే ఎదురు చెప్పాడు. వాణ్ణి మానేయమన్నాను. పనివాళ్లకి కూడా ఇప్పుడు ముక్కులొచ్చాయి.

ఆశీస్సులతో
చెంచులక్ష్మి

*

కంఠేశ్వర్
16 నవంబరు 2024

పెద్దమ్మకు,

ఈ ఉత్తరం చిన్నదే. నింపాదిగా చదువుకో.

నేను నీకు పంపిన రెండో సీసాలో ఉన్నది నీళ్లు.

కావాలని చేయలేదు. ల్యాబులో డిస్టిల్డ్ వాటరు కూడా అవే గోధుమరంగు సీసాల్లో ఉంచుకుంటాం. హడావిడిలో పక్కది తీసి పార్సిలు కట్టాను. నీ ఉత్తరం వచ్చిన రోజు సొరుగు సర్దుతుంటే షాలిమార్ అక్కడే ఉంది. మూత తీసేసరికి గదంతా నిండిపోయింది. రక్తం ఇవ్వడానికి వచ్చిన విమలమ్మ గారు "ఎవరమ్మా గంత మంచిగ పెట్టుకున్నరు" అని అడిగింది.

రంగూ రుచీ వాసనా లేని నీళ్లలో నువ్వు పులుపు, మాడు, ఐస్‌క్రీము ఎసెన్సు పట్టుకున్నావు. పొద్దున ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి. అప్పుడు నీ మొదటి ఉత్తరం తీసి, నేను నీకు ఏం రాశానో గుర్తు తెచ్చుకుని చూశాను. నిమ్మ ఘాటు, కాలిన వాసన. రెండూ నేను రాసిన మాటలే. నువ్వు కలిపిందల్లా చెరకు మడ్డి, స్పిరిట్టు, బీడీల ఆవిడ.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నువ్వు పదిహేను రోజులు మంచం మీద ఉన్నావు. అన్నీ తగ్గిపోయాయి, ముక్కు కూడా బాగుంది అని చెప్పావు. అప్పటి నుంచి చారులో ఇంగువ ఎక్కువైందని పెదనాన్న అంటూనే ఉన్నారు. నువ్వు ఆయన నాలుక చెడిపోయింది అంటూ వచ్చావు. ఆయన నాలుక చెడింది, హన్మాండ్లు మంట చెడింది, మా అత్తమ్మ అత్తరు చెడింది. ప్రపంచంలో నీది తప్ప అందరిదీ చెడిపోయిందా పెద్దమ్మా?

నేనూ తక్కువ తినలేదు. ముక్కు నా ముఖాన ఉండగా తీర్పు కోసం బోధన్‌కి పార్సిలు కట్టిన దాన్ని. నాకు వచ్చిన వాసన మీద నాకు నమ్మకం లేదు. నీ మాటలో నాకు కావలసింది దొరికింది, అదే నిజం. వాళ్లు మనకంటే తక్కువ అని నువ్వు రాస్తే అబ్బ, నాకు తెలుసు అనుకున్నాను. సిగ్గుగా ఉంది. చనిపోయిన మనిషి భార్యకి తెచ్చిన వస్తువుని ఆవిడ చూస్తుండగా మురిక్కాలవలోకి పంపాను.

నాకు సాకులు రాయకు. వాసన వస్తుందో రాదో ఒక్క ముక్క రాయి.

బిందుమాధవి

*

క్యాంపు
22 నవంబరు 2024

బిందూ,

రాదు.

మూడేళ్ల ఆరు నెలలైంది. ముందు రెండు నెలలు వస్తుందని చూశాను. తర్వాత రాదని తెలిసింది. మీ పెదనాన్నకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఈ క్యాంపులో నాకున్న గౌరవం ఏమిటో నీకు తెలుసు. నేను చదువుకున్నదాన్ని కాదు. పొలం మీ పెదనాన్న పేర ఉంది. పిల్లలు లేరు. నెయ్యి కాచినా, బెల్లం వండినా, చెడిపోయిన పచ్చడి జాడీ తెరిచినా "చెంచులక్ష్మి గారిని పిలవండి" అనేవారు. ఆ ఒక్క పిలుపు కోసం బతికాను అంటే నవ్వుతావేమో. ముక్కు పోయిందని తెలిస్తే నేను ఈ ఇంట్లో ఇంకో మంచం మనిషిని, అంతే. అందుకని పెనం దగ్గర కూర్చుని పనివాళ్ల మొహాలు చూసేదాన్ని. వాళ్ల మొహం ముడుచుకుంటే దించమనేదాన్ని. మూడు సీజన్లు నెట్టుకొచ్చాను. ఈసారి హన్మాండ్లు నా మొహం చూస్తూ కూర్చున్నాడు, నేను వాడి మొహం చూస్తూ కూర్చున్నాను, పెనం మాడింది.

నీ సీసా వచ్చినప్పుడు నాకు ఏమీ రాలేదు. తెలియదు అని రాయవచ్చు. రాయడానికి చెయ్యి రాలేదు. తెలియదు అన్నమాట నా నోటి నుంచి ఎప్పుడైనా విన్నావా? పైగా ఆ ఇంటి వస్తువు మంచిది కాదని రాయడానికి ముక్కు అక్కర్లేదనిపించింది. నీ పెళ్లినాడే నా తీర్పు అయిపోయింది, సీసా ఒక వంక. నువ్వు నన్ను వదిలి ఆవిణ్ణి అత్తమ్మ అంటుంటే నాకు ఒళ్లు మండింది. ఇదీ నిజం. వయసు మీరిన దాని కుళ్లు ఎంత నీచంగా ఉంటుందో చూసుకో.

నిన్న హన్మాండ్లు ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి, ముక్కు పోయింది నాది, తప్పు నీది కాదు అని చెప్పాను. వాడు "నాకు ఎర్కే అమ్మా, రెండు సీజన్ల సంది ఎర్కే" అన్నాడు. ఎవరికీ చెప్పలేదట. మూడేళ్లుగా నేను వాణ్ణి ఆడిస్తున్నానని అనుకున్నాను, వాడు నన్ను కాపాడుతున్నాడు. ఇంటికొచ్చి మీ పెదనాన్నకి చెప్పాను. ఆయన ఇంగువ డబ్బా తీసి పై అరలో పెట్టారు.

ఈ ఉత్తరం మీ అత్తగారు శంకరమ్మ గారికి చదివి వినిపించు. గారు అని రాశాను, అదీ చదువు. వొంపమన్నది నేను. తెలియకుండా తీర్పు చెప్పింది నేను. క్షమించమని అడిగే అర్హత లేదు కనుక అడగను. నువ్వు మాత్రం ఆ ఇల్లు వదలకు. నా మాట విని ఒకసారి చెడ్డావు. రెండోసారి కూడా వింటావా అంటే ఏం చెప్పను, ఈ ఒక్కటి విను.

పెద్దమ్మ

*

కంఠేశ్వర్
29 నవంబరు 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం నిన్న అత్తమ్మకి చదివాను. ఒక్క ముక్క వదలకుండా, బీడీల గంప అన్నది, గాడిద అన్నది, పాత ఉత్తరాలు కూడా తీసి చదివాను. దాచుకుంటే మళ్లీ అదే రోగం. నాగేందర్ గుమ్మంలో నిలబడి విన్నాడు. గంపలు, గాడిదలు వచ్చినప్పుడు బయటికి వెళ్లిపోయాడు, మళ్లీ వచ్చాడు.

అత్తమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని విన్నది. మధ్యలో ఒక్కసారే ఆపమంది, నీళ్లలో ఐస్‌క్రీము దగ్గర. అక్కడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అంతా అయ్యాక నేను కాళ్ల దగ్గర కూర్చుని, మామయ్య గుర్తుని వొంపేశాను, నన్ను కొట్టమన్నాను.

"కొట్టి ఏం జేత్తా. నాకు గూడ రాదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఏమిటి రాదు అన్నాను.

"వాసన బిడ్డా. పదేండ్లాయె. పొగాకు దుమ్ము తిన్న ముక్కు, ఎంత కాలం ఉంటది? మీ మామ ఉన్నప్పుడే పోయింది. ఆయనకు సెప్పలే, మనసు నొచ్చుకుంటడని. పండుగకొక్కపారి మూత తీసి, మస్తుంది అనేదాన్ని. ఆయన పోయినంక గూడ తీసి సూసేదాన్ని, ఏం రాకపోతుండె. వాసన వొచ్చేటోళ్లు పెట్టుకోవాలె గని, నా అసొంటిది దాసుకుంటె ఏం ఫాయిదా అని నీకిచ్చిన."

ఇద్దరికీ రాదు. అందులో ఒకరు వచ్చినట్టు నటించి తిట్టారు, ఒకరు వచ్చినట్టు నటించి మెచ్చుకున్నారు. మన ముగ్గురిలో వాసన తెలిసినదాన్ని నేనొక్కదాన్ని. ఆవిడ నా ముక్కుని నమ్మి ఇచ్చింది, నేను దాన్నే నమ్మలేదు. ఇంతకంటే నన్ను నేను ఏమనుకోవాలో తెలియడం లేదు.

ఆర్మూర్ రోడ్డు వాటా వద్దని చెప్పేశాం. అత్తమ్మ కంచం లోపలికి తెచ్చాను.

సొరుగులో ఉన్న చిన్న సీసా ఇంటికి తీసుకొచ్చి ఇచ్చాను. అందులో పదిహేను చుక్కలుంటాయి. ఆవిడ తీసుకోలేదు. ఒక చుక్క నా మణికట్టు మీద వేయించి, ఎట్లుందో చెప్పమంది. నిమ్మ అన్నాను. "మీ మామ గూడ ముందు గదే అనెటోడు, ఆగు" అంది. ఇద్దరం కూర్చున్నాం. కూర వండుకున్నాం. సాయంత్రానికి పాలు, పొగ, తోలు ఒకటొకటిగా వచ్చాయి, వచ్చినదల్లా చెబుతూ పోయాను. ఆవిడ కళ్లు మూసుకుని వింటూ మధ్యమధ్య అవునన్నది. ఒకసారి మాత్రం, అది తోలు కాదు, ఆయన దుబాయ్ పెట్టె వాసన అని దిద్దింది.

నీకు ఏం రాయమంటావని ఆవిణ్ణి అడిగాను. ఇలా చెప్పింది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"రమ్మను. ఆమెకు గూడ రాదు కద, పక్కకు కూసుంటది, నువ్వు ఇద్దరికి సెప్పు. గని ఒక్క మాట ముందే రాయి. ఆమె మాట్లాడొద్దు, ఇనాలె."

బిందు